అర్జీ కాని ఉత్తరం

2023 డిసెంబరు మూడో వారంలో ఒక శనివారం పొద్దున, మా అమ్మాయి ఇంకా నిద్ర లేవకముందే, నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆమె పేరుతో ఒక విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. పేజీన్నర వచ్చింది. "మీ అమూల్యమైన కాలాన్ని వెచ్చించి నా దరఖాస్తును పరిశీలించినందుకు కృతజ్ఞురాలిని" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంతో మొదలై, అవకాశం ఇస్తే ఆ నమ్మకాన్ని జీవితాంతం నిలబెట్టుకుంటానన్న హామీతో ముగిసింది. మధ్యలో ఆ సంస్థ గొప్పతనం మీద రెండు పేరాలున్నాయి. ఆమె లేచి, పళ్ళు తోముకుంటూనే నా భుజం మీదుగా అదంతా చదివి, "వాళ్ళ వెబ్‌సైటు వాళ్ళకే చదివి వినిపించినట్టుంది నాన్నా" అనేసి వెళ్ళిపోయింది.

అంతకు రెండు రోజుల ముందు సాయంత్రం పోర్టల్‌లో వచ్చిన జవాబు "డిఫర్". తెలుగువాళ్ళలో ఈ మాటకు ఇంకో అర్థం స్థిరపడిపోయింది. ఎం.ఎస్. సీటు వచ్చి, వీసా స్లాటు దొరకక, చేరికను ఫాల్ నుంచి స్ప్రింగ్‌కు జరుపుకుంటే "డిఫర్ చేసుకున్నాడు" అంటాం. అందుకే గుంటూరు నుంచి మా వదిన ఫోన్ చేసి, "అమెరికాలో పుట్టిన పిల్లకు వీసా గొడవ ఏమిటయ్యా?" అని అడిగింది. ఇక్కడి డిగ్రీ ప్రవేశాల్లో డిఫర్ చేసేది విద్యార్థి కాదు, కళాశాల. నవంబరు ఒకటో తేదీకి ముందస్తుగా దరఖాస్తు పెట్టినవారికి డిసెంబరు మధ్యలో మూడు రకాల జవాబులు వస్తాయి: సీటు వచ్చింది, రాలేదు, ఇప్పుడే ఏమీ తేల్చకుండా మీ దరఖాస్తును జనవరిలో వచ్చే రెగ్యులర్ దరఖాస్తులతో కలిపి మళ్ళీ చూస్తాం. ఈ మూడోదే డిఫర్. చివరి మాట మార్చి నెలాఖరుకు గాని తేలదు. రెగ్యులర్ నిర్ణయాల తర్వాత వచ్చే వెయిట్‌లిస్టు వేరు, ఇది వేరు.

ఆ మూడు నెలల నడుమ విద్యార్థి తరఫున వెళ్ళే ఒక్క కాగితాన్ని ఇక్కడ "లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంట్రెస్ట్" అంటారు. మీ కళాశాల మీద నాకు ఆసక్తి తగ్గలేదు అని తెలియజేసే ఉత్తరం. ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే "లోకి" అవుతుంది. లోపలికి రానివ్వమని అడిగే ఉత్తరానికి ఇంతకన్నా తగిన పేరు తెలుగులో కూడా దొరకదని నేను అంటే మా ఆవిడ ఒక్కతే నవ్వింది.

నాకు ఆ పేరుతోనే పేచీ ఉంది. "ఆసక్తి" అన్న మాట పేరులో ఉండటం వల్ల దాన్ని చదివిన ప్రతి తల్లీ తండ్రీ ఆ ఉత్తరంలో ఆసక్తిని ఎంత గట్టిగా చాటితే అంత మంచిదనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ ఉత్తరంలో ఆసక్తికి ఒకటి రెండు వాక్యాలు చాలు, మిగిలినదంతా నవంబరు ఒకటో తేదీ తర్వాత ఆ విద్యార్థి జీవితంలో ఏం మారిందో చెప్పే సమాచారమై ఉండాలి, మారింది ఏమీ లేకపోతే ఉత్తరం నాలుగు వాక్యాలతో ఆగిపోవాలి అన్నది నా వాదన.

నేను ఆ తప్పులో పడటానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా నాన్న బడిపంతులు. సాయంత్రాలు మా అరుగు మీద ఊళ్ళోవాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవారు. 1985లో మండలాలు వచ్చాక తాలూకా కచేరీకి పోవలసిన కాగితాలన్నీ మండలాఫీసుకు పోసాగాయి గాని వాటి భాష మాత్రం మారలేదు: "మహారాజశ్రీ మండల రెవెన్యూ అధికారి గారి దివ్య సముఖమునకు, ఫలానా గ్రామ కాపురస్థుడు ఫలానావారు వ్రాసుకొన్న విన్నపము." ఆ వాక్యం తరవాత అడిగేవాడి దైన్యం, అధికారి దయాగుణం, మళ్ళీ దైన్యం. పదేళ్ళ వయసులో దాన్ని చూసి రాయడం నేర్చుకున్న నాకు, అధికారం ఉన్న చోటికి ఉత్తరం రాయడమంటే వంగి రాయడమే. మూడు దశాబ్దాలుగా ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తున్నా, కూతురి సీటు అనేసరికి చేతికి ఆ భాషే వచ్చింది.

దానికి తోడు, మా తరం అసలు ప్రవేశానికి ఉత్తరం రాయవలసిన అవసరమే ఎరగదు. ఎంసెట్ ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగుకు పిలిచారు, మన వంతు వచ్చేసరికి ఏ కళాశాలలో ఏ బ్రాంచి మిగిలి ఉంటే అందులో ఒకటి చెప్పాం, బయటికి వచ్చాం. ఆ ర్యాంకుతో వాదించడానికి ఎవరూ లేరు, వాదించాలన్న ఆలోచన కూడా రాదు. అందులో క్రూరత్వం ఎంత ఉందో తేటదనమూ అంతే ఉంది. అలా పెరిగినవాళ్ళకు "మీ దరఖాస్తును మళ్ళీ చూస్తాం" అన్న మాట రెండు విధాలుగా వినిపిస్తుంది: ఎవరినైనా పట్టుకుంటే పని అవుతుంది అని, లేదా ఎంత బతిమాలితే అంత మంచిది అని. రెండూ తప్పే. మొదటిది చేసినవాళ్ళనూ చూశాను. పిల్లవాడి బదులు తండ్రి అడ్మిషన్ల ఆఫీసుకు ఫోన్ చేయడం, పూర్వ విద్యార్థి ఒకరిని వెతికి పట్టుకుని, పిల్లవాడి ముఖమైనా చూడని ఆయనచేత సిఫారసు రాయించి పంపడం. ఆ అబ్బాయి గురించి కొత్తగా ఒక్క ముక్కైనా చెప్పని ఆ కాగితం దరఖాస్తును లావు చేస్తుందే గాని దానికి బలం ఇవ్వదు.

ఆసక్తిని కళాశాలలు అసలు పట్టించుకుంటాయా అన్న ప్రశ్నకు జవాబు ఊహించుకోనవసరం లేదు. అమెరికన్ కళాశాలల్లో చాలా ప్రతి ఏడూ "కామన్ డేటా సెట్" అనే పత్రాన్ని ప్రకటిస్తాయి. అందులో సి7 అనే పట్టికలో మార్కులు, వ్యాసాలు, సిఫారసులు, ఇంకా ఇతర అంశాల్లో దేనికి ఎంత ప్రాధాన్యం ఇస్తారో నాలుగు మెట్లలో టిక్కు పెట్టి చూపిస్తారు. అందులో "దరఖాస్తుదారు ఆసక్తి" అన్నది ఒక వరుస. హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ అక్కడ "పరిగణించం" అన్న గడిలో టిక్కు పెడతాయి. సీటు ఇస్తే ఎలాగూ చేరతారన్న ధీమా ఉన్నవాళ్ళకు ఆసక్తి కొలవవలసిన పని లేదు. చాలా ప్రైవేటు కళాశాలలకు ఆ ధీమా లేదు. వెయ్యి మందిని చేర్చుకోవాలంటే ఎంతమందికి సీటు ఇవ్వాలో వాళ్ళు ప్రతి వసంతంలో లెక్కకట్టుకోవాలి. ఎక్కువమంది వస్తే హాస్టలు చాలదు, తక్కువమంది వస్తే బడ్జెట్టు చాలదు. కాబట్టి అక్కడ "సీటు ఇస్తే తప్పక వస్తాను" అన్న ఒక వాక్యానికి నిజంగానే విలువ ఉంటుంది. గమనించండి, ఒక వాక్యానికి. దాన్నే ఏడు రకాలుగా చెప్పినందుకు విలువ ఏడు రెట్లు కాదు. పైగా డిఫర్ అయిన ప్రతివారికీ ఆ ఆసక్తి ఉంటుంది, లేనివారు ఉత్తరమే రాయరు. అందరి దగ్గరా ఉన్న వస్తువును చూపించి ఒకరిని ఇంకొకరి నుంచి వేరుచేయడం కుదరదు గదా.

కొన్ని కళాశాలలు ఉత్తరాలు వద్దనే చెబుతాయి. కొన్ని పోర్టల్‌లో ఒక ఫారం పెట్టి, అందులో పట్టినంతే రాయమంటాయి. ఎంఐటీ ఇటీవలి సంవత్సరాల్లో ముందస్తు దరఖాస్తుదారుల్లో సగానికి పైగా డిఫర్ చేస్తోంది. వారినీ, రెగ్యులర్ దరఖాస్తుదారులనూ కూడా "ఫిబ్రవరి అప్‌డేట్స్ అండ్ నోట్స్ ఫారం" నింపమంటుంది. సగం సంవత్సరం గ్రేడ్లు, ఆ తర్వాత కొత్తగా జరిగిన సంగతులు ఉంటే కొన్ని మాటలు, అంతే. నా దృష్టిలో మిగతా అందరూ కూడా "ఆసక్తి ఉత్తరం" అన్న పేరు మాని ఈ పద్ధతి పెడితే తల్లిదండ్రులకు సగం జబ్బు నయమవుతుంది. వద్దన్నచోట పంపితే చెప్పిన మాట వినని పిల్ల అన్న పేరు తప్ప ఒరిగేది ఏమీ లేదు, కాబట్టి డిఫర్ ఉత్తరంలోని రెండో పేరాను నిదానంగా చదవడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయే చేసింది, నేను మొదటి పేరా దగ్గరే ఆగిపోయాను.

ఇక ఆమె రాసిన ఉత్తరం సంగతి. ఆమె స్కూలు వెనక ఒక చిన్న వాగు ఉంది. పదో తరగతి చివరి నుంచి ఆమె ప్రతి ఆదివారం అక్కడికి వెళ్ళి, చేతిలో ఇమిడే మీటరుతో నీటి విద్యుత్ వాహకత కొలిచి, ఒక నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకునేది. పెన్ను ఎందుకు వాడవంటే తడిస్తే సిరా అలుక్కుపోతుందని చెప్పింది. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ మంచుతో కరిగి వాగుల్లోకి పోతుంది. నీటిలో ఉప్పు పెరిగితే వాహకత పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది, ఎన్ని రోజులకు మళ్ళీ తగ్గుతుంది అన్నది ఆమె ప్రశ్న. చిక్కేమిటంటే, 2022–23 శీతాకాలంలో మా వైపు దాదాపు మంచే పడలేదు. పక్కనే ఉన్న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆ కాలమంతటికీ పడింది 2.3 అంగుళాలు, రికార్డులు మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎన్నడూ లేదు. కాబట్టి నవంబరు దరఖాస్తులో ఈ పని "వాగు నీటి కొలతలు, వారానికి ఒకసారి" అని పది కార్యక్రమాల జాబితాలో ఎనిమిదోదిగా, ఒక్కోదానికి ఇచ్చే 150 అక్షరాలలో, ఫలితం లేని పనిగా మిగిలిపోయింది.

2024 జనవరి 16న మంచు పడింది. సెంట్రల్ పార్కులో ఒక రోజులో అంగుళానికి మించి మంచు పడటం 701 రోజుల తర్వాత అదే మొదటిసారి అని వార్తల్లో చెప్పారు. ముందురోజు రాత్రి నుంచే ఉప్పు బండ్లు తిరిగాయి. ఆ ఆదివారం ఆమె మీటరు పెడితే, అప్పటిదాకా మూడు వందల చుట్టూ తిరిగే అంకె రెండు వేల నాలుగు వందలు దాటింది. బూట్ల నిండా బురదతో ఇంట్లోకి వచ్చి, విప్పకుండానే నోటుపుస్తకం బల్ల మీద పరిచి చూపించింది. ఆ పేజీలో పైన పద్దెనిమిది వరుసలు ఒకే రకం అంకెలు, కింద ఒక్క వరుస వేరే రకం అంకె, దాని చుట్టూ రెండుసార్లు గుండ్రంగా గీసిన గీత.

ఉత్తరంలో ఇదే రాస్తానంది. నాకు నచ్చలేదు. వాగు నీళ్ళ లెక్కలు వాళ్ళకెందుకు, మొన్న వేసవిలో చేసిన కూచిపూడి అరంగేట్రం గురించి రాయమన్నాను. అది దరఖాస్తులో మూడో వరుసలో ఇప్పటికే ఉందని, ఉన్నదాన్నే మళ్ళీ చెప్పడం చదివేవాళ్ళ సమయం తినడమేనని ఆమె సమాధానం. అంతకన్నా పెద్ద గొడవ ఇంకో వాక్యం మీద జరిగింది. అక్టోబరులో రెండు వారాలు మీటరును ప్రామాణిక ద్రావణంతో సరిచూడకుండా కొలిచినందువల్ల ఆ రెండు అంకెలను లెక్కలోంచి తీసేశానని ఆమె రాసింది. సీటు అడిగే ఉత్తరంలో మన తప్పు మనమే చెప్పుకోవడమేమిటని నేను గట్టిగానే అన్నాను. ఆమె తీయలేదు.

ఆ రాత్రి పడుకున్నాక మా నాన్న అర్జీలు మళ్ళీ గుర్తొచ్చాయి. వాటిలో పని జరిగినవి ఏవి, జరగనివి ఏవి అని ఆలోచిస్తే, తేడా "దివ్య సముఖం"లో లేదు, అది అన్నిటిలోనూ ఉండేది. సర్వే నంబరు, ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు, శిస్తు కట్టిన రసీదు తేదీ, సరిహద్దులో ఎవరి పొలం ఉంది అన్నవి స్పష్టంగా రాసిన అర్జీలు కదిలేవి. అవి లేని అర్జీలు ఎంత దయనీయంగా రాసినా కట్టలో కిందికి పోయేవి. మా నాన్నకు ఈ సంగతి తెలుసు. అందుకే ఎవరైనా వచ్చి ఏడుపు మొదలుపెడితే "ముందు పట్టా పుస్తకం తీసుకురా" అనేవారు. నేను ఆయన దగ్గర పై పొట్టు నేర్చుకుని లోపలి గింజ వదిలేశానన్నమాట.

ఉత్తరంలో ఇంకొక చిక్కు ఉంది, దాని గురించి మన వాట్సాప్ గుంపుల్లో ఎవరూ మాట్లాడరు. అది మాట ఇవ్వడం గురించి. అర్లీ డెసిషన్ అంటే సీటు ఇస్తే చేరతానని విద్యార్థి, తల్లిదండ్రులలో ఒకరు, స్కూలు కౌన్సెలర్ సంతకం పెట్టే ఒప్పందం. డిఫర్ అయిన క్షణం ఆ ఒప్పందం రద్దవుతుంది, పిల్ల స్వేచ్ఛగా ఎక్కడైనా చేరవచ్చు. సరిగ్గా అప్పుడే, జనవరి మొదట్లో, కొన్ని కళాశాలలు "అర్లీ డెసిషన్ రెండు" అని ఇంకో తలుపు తెరుస్తాయి. అదీ అలాంటి ఒప్పందమే, ఫిబ్రవరి మధ్యలో ఫలితం చెబుతారు. అందులో సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ, డిఫర్ అయినదానితో సహా, వెనక్కి తీసుకోవాలి. ఇప్పుడు చెప్పండి, ఒక చోట రెండో ఒప్పందం మీద సంతకం పెట్టి, మొదటి చోటికి "మీరు పిలిస్తే తప్పక వస్తాను" అని ఉత్తరం రాయడం ఏమవుతుంది? రెండూ చేయమని చెప్పే సలహాదారులున్నారు. నేనూ ఒక పూట ఆ పక్షమే వహించాను, అవకాశాలు రెట్టింపవుతాయన్న లెక్కతో. మా ఆవిడ ఒప్పుకోలేదు. "సంతకాలలో ఒకటి నాది గదా, నీ కూతురికి మొదటిసారి నేర్పే వ్యాపారం ఇదా?" అంది. రెండో ఒప్పందం మానుకున్నాం. ఎవరైనా దాన్నే ఎంచుకుంటే తప్పు అనను, కాని అప్పుడు మొదటి చోటికి వెళ్ళే ఉత్తరంలో "తప్పక" అన్న మాట ఉండకూడదు. "మొదటి ఎంపిక" అన్నమాట ఒక్క కళాశాలకే చెల్లుతుంది, నాలుగు చోట్లకు పంపితే అది నాలుగు చోట్లా అబద్ధమే.

వాట్సాప్ అన్నాను గనక, అక్కడ తిరిగే నమూనా ఉత్తరాల గురించి కూడా చెప్పాలి. ఆ డిసెంబరులో మా గుంపులోకి ఒకటి వచ్చింది. పేర్లు, కళాశాల, మేజరు ఉండవలసిన చోట ఖాళీలు. మిగతాదంతా నున్నగా ఉంది. అలాంటిదే చాట్‌జీపీటీని అడిగి రాయించాను కూడా, అదీ నున్నగానే వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా శనివారం చిత్తుప్రతికి అవి అన్నదమ్ములు. ఒక ప్రాంతపు దరఖాస్తులన్నీ సాధారణంగా ఒకే అధికారి చదువుతారు. మా జిల్లాలోని హైస్కూళ్ళ నుంచి అదే నెలలో అదే మాటతో వచ్చే ఉత్తరాలు ఆ ఒక్కరి బల్ల మీదే పడతాయన్న సంగతి నమూనా పంచేవారికి తట్టదు.

చివరికి ఫిబ్రవరి మొదటి వారంలో, మొదటి సెమిస్టరు గ్రేడ్లను కౌన్సెలర్ మిడ్-ఇయర్ రిపోర్టుగా పంపిన మర్నాడు, పోర్టల్‌లో ఉత్తరం పెట్టింది. రెండు వందల ఎనభై మాటలు. డిఫర్ గురించి బాధగాని ఫిర్యాదుగాని లేదు. మొదటి వాక్యంలో ఇది ఇప్పటికీ నా మొదటి ఎంపిక, సీటు ఇస్తే చేరతాను అని ఉంది. తర్వాత వాగు, మంచు, అంకె, తీసేసిన రెండు వారాలు. ఆ తర్వాత అక్కడి ఏ ప్రయోగశాలలో ఏ పరికరంతో ఉప్పును మిగతా లవణాల నుంచి వేరుచేసి కొలవవచ్చో ఒక వాక్యం, ఎందుకంటే తన మీటరు ఆ పని చేయలేదు. ఒకసారే పంపింది. నెలకొకటి పంపమన్న నా సలహాను ఇంట్లో ఎవరూ చర్చకు కూడా తీసుకోలేదు.

మార్చి నెలాఖరులో సీటు రాలేదని తెలిసింది. డిఫర్ అయినవారిలో చివరికి సీటు దొరికేది కొద్దిమందికే కాబట్టి, ఉత్తరం బాగుంటే వస్తుందని, రాకపోతే ఉత్తరం బాగాలేదని లెక్కవేయడం నాకు సమ్మతం కాదు. ఆ డిసెంబరు ఉత్తరం వచ్చిన రాత్రి నుంచి జనవరి ఒకటి దాకా ఉన్న రెండు వారాల్లో మిగతా దరఖాస్తులను ఆమె ఎంత శ్రద్ధగా పూర్తిచేసిందన్నదే ఫలితాన్ని ఎక్కువ మార్చింది. ఇప్పుడు చదువుతున్న చోటు ఆ రెండు వారాల్లో పెట్టిన దరఖాస్తుల్లోదే. "లోకి" గురించి జనవరి దాకా ఎవరూ ఆలోచించనవసరం లేదని నేను ఇప్పుడు అడిగినవారికల్లా చెబుతున్నాను, సెలవుల్లో దాని మీద పెట్టే ప్రతి గంటా వేరే దరఖాస్తు నుంచి తీసిన గంటే.

గత డిసెంబరులో టెక్సస్ నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ళ అబ్బాయికి డిఫర్ వచ్చింది. "అన్నా, మీ అమ్మాయి రాసిన ఉత్తరం ఒకసారి పంపుతావా, మావాడు చూసి రాసుకుంటాడు" అన్నాడు. అమ్మాయిని అడిగితే తనకేమీ అభ్యంతరం లేదంది. అయినా నేను పంపలేదు. అందులోంచి వాగును తీసేస్తే మిగిలేది మూడు నాలుగు వాక్యాలేనని, అవి ఎవరినీ చూడకుండానే వాళ్ళ అబ్బాయి రాసుకోగలడని చెప్పి, నవంబరు ఒకటి నుంచి ఇప్పటిదాకా వాడు కొత్తగా ఏం చేశాడని అడిగాను. "ఏం చేశాడో నాకు తెలియదన్నా, గదిలోనే ఉంటాడు. ఉండు, అడిగి చెబుతా" అని ఫోన్ పెట్టేశాడు.